టెలిస్కోపు కంటే గడియారంతోనే ఎక్కువ పని: గురుగ్రహపు ఉపగ్రహాల వెంట ఒక సీజను

గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు ఒకదాన్నొకటి కప్పుకోవడం, ఒకదాని నీడలోకి మరొకటి జారుకోవడం ఏటా జరిగే సంగతి కాదు. అవి తిరిగే తలం సూర్యుడికీ భూమికీ అంచువైపు నుంచి కనిపించాలి. గురుగ్రహం సూర్యుణ్ని చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది కాబట్టి ఇది ఆరేళ్లకోసారి కుదురుతుంది. 2014–15లో కుదిరినప్పుడు నా దగ్గర కెమెరా లేదు. ఆ తర్వాత 2021 మే 2న సూర్యుడు ఆ తలాన్ని దాటాడు. దానికి అటూ ఇటూ కలిపి మార్చి నుంచి నవంబరు దాకా అవకాశం దొరికింది. అంతకుముందు నేను వెతికితే దొరికినవన్నీ ఫలితాల పట్టికలూ, సమీకరణాలూ. రాత్రంతా టెలిస్కోపు పక్కన కూర్చునే మనిషి పడే పాట్ల గురించి ఎక్కడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

2020 డిసెంబరులో పట్టికతో మొదలుపెట్టాను. పారిస్‌లోని ఖగోళ గణన సంస్థ ఐఎంసీసీఈ ఈ ఘటనలను ముందుగా లెక్కగట్టి ప్రకటిస్తుంది. ప్రపంచమంతటి పరిశీలకుల నుంచి కొలతలు సేకరించేది కూడా ఆ సంస్థే. అయో 1, యూరోపా 2, గానిమీడ్ 3, కాలిస్టో 4. ముందు కప్పేదాని అంకె, తర్వాత అది మరుగో (ఒకటి మరొకదాన్ని కప్పడం) గ్రహణమో (ఒకదాని నీడ మరొకదాని మీద పడటం) చెప్పే అక్షరం, ఆ తర్వాత కప్పబడేదాని అంకె. ఒకటి రెండు రోజుల్లో ఆ గుర్తులు అలవాటైపోతాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఖగోళ పట్టికలు కొన్ని యూటీసీలో, అంటే ప్రపంచ గడియారాలన్నీ అనుసరించే ప్రామాణిక సమయంలో ఉంటాయి, కొన్ని ఖగోళ లెక్కలకు వాడే భౌమ కాలమానంలో ఉంటాయి. 2021లో ఆ రెంటికీ 69 సెకన్ల తేడా. నాలుగు నిమిషాల్లో ముగిసిపోయే ఘటనకు 69 సెకన్లంటే చిన్న విషయం కాదు.

మొదటిసారి చూసినప్పుడు పట్టిక ఎంత పొడవుగా ఉందంటే ఏ రాత్రి ఖాళీ ఉంటుందా అనిపించింది. ఆ తర్వాత జల్లెడ పట్టాను. గురుగ్రహం ఉదయించి ఉండాలి, సూర్యుడు అస్తమించి ఉండాలి, ఘటన గురుగ్రహపు అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు, వెలుగు కనీసం పది శాతమైనా తగ్గాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలినవి చాలా కొద్ది. వాటిలోనూ మబ్బు తన వాటా తీసుకుంటుందని అప్పుడు అంతగా పట్టించుకోలేదు. ఒక సుఖం మాత్రం ఉంది. గ్రహశకలాలు నక్షత్రాలను కప్పే మరుగుల కోసం సామాను మోసుకుని నీడ పడే దారి వెతుక్కుంటూ వెళ్లాలి. ఇక్కడ ఆ బాధ లేదు. గురుగ్రహం ఆకాశంలో కనిపించే ఏ చోటు నుంచి చూసినా ఘటన దాదాపు ఒకే క్షణానికి, ఒకేలా కనిపిస్తుంది. ఇంటి మేడ చాలు.

జనవరి, ఫిబ్రవరి నెలలు గడియారానికే పోయాయి. జనవరి 29న గురుగ్రహం సూర్యుడి వెనక్కి వెళ్లింది కాబట్టి చూడటానికి ఎలాగూ ఏమీ లేదు. 200 మిల్లీమీటర్ల అద్దం ఉన్న నా టెలిస్కోపు విడదీయగలిగేది 0.6 కోణీయ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక కోణీయ సెకను). గురుగ్రహం భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా ఆ దూరంలో అది 1,700 కిలోమీటర్లతో సమానం. అంటే ఫొటో తీసి అయో ఎక్కడుందో నేను చెప్పబోతే లెక్కకు వచ్చే మాటేమీ కాదు. కానీ అయో సెకనుకు 17 కిలోమీటర్లు, యూరోపా దాదాపు 14 కిలోమీటర్లు వెళుతుంటాయి. ఒకటి గురుగ్రహానికి ఇవతల, ఇంకొకటి అవతల ఉండి ఎదురెదురు దిశల్లో దాటుకుంటే ఆ రెండు వేగాలూ కలుస్తాయి. వెలుగు అతి తక్కువగా ఉన్న క్షణాన్ని ఒక్క సెకను ఖచ్చితత్వంతో పట్టుకుంటే వాటి స్థానం దాదాపు ముప్పై కిలోమీటర్ల తేడాలో తెలుస్తుంది. మేడ మీద ఉన్న చిన్న టెలిస్కోపుకు ఇంత బలం ఇచ్చేది అద్దం కాదు, సమయం. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నుంచి కొత్త టెలిస్కోపు కొనాలన్న ఆలోచన వదిలేశాను.

కంప్యూటరు గడియారం రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ పోతుంది. అంతర్జాలం ద్వారా నిమిషాలకోసారి సరిచేస్తూ ఉంటే చాలావరకు కుదురుతుంది. అయినా కెమెరా నుంచి చిత్రం కంప్యూటరుకు చేరడంలో ఎంత ఆలస్యమవుతుందో దాని వల్ల తెలియదు. అందుకని జిపిఎస్ రిసీవరు ఒకటి తెప్పించి, దాని సెకను సంకేతంతో వెలిగే చిన్న ఎల్‌ఈడీని టెలిస్కోపు మూతికి ఒక పక్కగా కట్టాను. రికార్డింగు మొదట్లో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం అది మెరుస్తుంది. చిత్రాల్లో ఆ మెరుపు ఎక్కడ పడిందో చూస్తే ఆలస్యం తేలిపోతుంది. నా కెమెరాకు అది సెకనులో పదో వంతు కంటే తక్కువే, కానీ ఉంది.

జిపిఎస్‌లోనూ ఒక తిరకాసు ఉంది. జిపిఎస్ ఉపగ్రహాల గడియారాలు యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంటాయి. ఆ తేడా ఎంతో చెప్పే సందేశం పన్నెండున్నర నిమిషాలకోసారి మాత్రమే వస్తుంది. చాలాకాలం ఆపి ఉంచిన రిసీవరును అప్పుడే ఆన్ చేసి సమయం నమ్మితే నమ్మినవాడిదే నష్టం. ఇరవై నిమిషాలు ఆకాశం కింద వదిలేయాలని మాన్యువల్లో ఒక మూల చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఇది పెద్ద అక్షరాలతో రాయవలసిన విషయం.

మార్చిలో గురుగ్రహం వేకువన తూర్పున కనిపించడం మొదలైంది. మార్చి 5న బుధుడు దాని పక్కనే ఉన్నాడు. చూడటానికి ముచ్చటగా ఉంది, కొలవడానికి పనికిరాలేదు. క్షితిజానికి అంత దగ్గరగా గాలి మరిగిపోతుంటుంది. ఉపగ్రహాలు చుక్కల్లా కాక నలిగిన మచ్చల్లా కదులుతాయి. పైగా ఘటన మధ్యలోనే తెల్లవారిపోతుంది. వెనకాల ఆకాశం క్షణక్షణానికి వెలుగెక్కుతుంటే ఉపగ్రహపు వెలుగు తగ్గిందో లేదో తేల్చడం కష్టం. మార్చి, ఏప్రిల్ రికార్డింగులన్నీ సాధన కిందే రాసుకున్నాను. ఆ సాధన వృథా కాలేదు. ఎక్స్‌పోజరు ఎంత పెట్టాలో అప్పుడే తేలింది. ఉపగ్రహపు మధ్య చుక్క కెమెరా పరిమితిలో సగాన్ని దాటకూడదు. గాలి ఒక్క క్షణం నిలకడగా ఉంటే చాలు, ఆ చుక్క రెట్టింపు ప్రకాశంతో మెరుస్తుంది. పరిమితి దాటిన కొలతను తర్వాత ఎవరూ బాగుచేయలేరు. గురుగ్రహాన్ని చిత్రపు చట్రం బయటే ఉంచడం మేలు. లోపల ఉంటే దాని వెలుగు అన్నింటినీ ముంచెత్తుతుంది.

డిస్కు ఖర్చు నేను ఊహించనిది. 640×480 చట్రం, పదహారు బిట్లు, సెకనుకు పది చిత్రాలు అంటే గంటకు 22 గిగాబైట్లు. ఘటనకు ముందు, తర్వాత వదలాల్సిన సమయం కలిపితే ఒక్కో రాత్రికీ అంతే. ముడి ఫైళ్లను తుడిచేయకూడదు, ఏడాది తర్వాత ఎవరైనా అడగవచ్చు. జిపిఎస్ రిసీవరు, ఎల్‌ఈడీ, తీగలు అన్నీ కలిపినా డిస్కుల ధరలో చిన్న వంతు కూడా కాలేదు. కెమెరా నాకు ముందే ఉంది. ఉన్న కెమెరాతో మొదలుపెట్టమనే చెబుతాను. ఉపగ్రహాల ప్రకాశం నక్షత్రాల ప్రకాశ కొలమానంలో అయిదో తరగతి దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఖరీదైన కెమెరా తప్పనిసరి కాదు. రంగులది కాక నలుపు తెలుపు కెమెరా అయితే చాలు.

మేలో మబ్బు. నెలంతా. పట్టికలో లోతైన ఘటనలు చాలా ఉన్న నెల అదే. దాని గురించి ఇంకేమీ రాయను.

జూన్ రెండో వారంలో మొదటి మంచి రాత్రి దొరికింది. అయో వెళ్లి యూరోపాను కప్పే ఘటన. ఘటనకు గంట ముందే టెలిస్కోపు బయట పెట్టి అద్దం చల్లబడనిచ్చాను. ఇరవై నిమిషాల ముందు రికార్డింగు మొదలుపెట్టాను. తెర మీద రెండు చుక్కలు ఉన్నాయి. కాస్త దూరంగా గానిమీడ్, దాని వెలుగుతో పోల్చుకోవడానికి. రెండు చుక్కలూ దగ్గరై, అతుక్కుని, కోలగా ఒకటై, చివరికి గుండ్రని ఒకే చుక్కగా మారాయి.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. కనీసం నాకలా అనిపించింది. తెర మీద చుక్క వణుకుతోంది, అంతే. వెలుగు తగ్గుతోందా? తగ్గినట్టే ఉంది, మళ్లీ కాదనిపించింది. మరుగు పూర్తిగా జరిగినా వెలుగు సున్నాకు పోదు. ముందున్న ఉపగ్రహం తన వెలుగుతో అక్కడే ఉంటుంది కదా. అయో యూరోపాను మొత్తంగా కప్పినా రెండింటి ఉమ్మడి వెలుగులో తగ్గేది నలభై శాతం పైచిలుకు. అది కూడా నిమిషాల మీద నెమ్మదిగా. కంటికి అది అందదు. ఆ కొన్ని నిమిషాలు నాకు వచ్చిన అనుమానాలు అన్నీ ఇన్నీ కావు: రికార్డింగు నిజంగా నడుస్తోందా, సరైన ఉపగ్రహాల మీదే ఉన్నానా, తేదీ యూటీసీలోకి మార్చేటప్పుడు ఒక రోజు జరిగిందా. అన్నీ ముందే సరిచూసుకున్నవే. అయినా మనసు ఊరుకోదు. లేచి వెళ్లి తీగ ముట్టుకోవాలని చెయ్యి లాగుతుంది. ముట్టుకుంటే మాత్రం రాత్రి పోయినట్టే.

చుక్క మళ్లీ కోలగా సాగి రెండయింది. ఇక్కడ చాలామంది సామాను సర్దేస్తారు. సర్దకూడదు. రెండు ఉపగ్రహాలూ బాగా విడిపోయే దాకా ఆగి, విడివిడిగా ఒక్కోదాని వెలుగు కొలవాలి. ఎవరి వాటా ఎంతో తెలియకపోతే ఉమ్మడి వెలుగు తగ్గిన లెక్కకు అర్థం లేదు. ఆ రాత్రి రెండు గంటలు ఆగాను. ఈ రెండు గంటల విసుగు గురించి ఏ పట్టికలోనూ ఉండదు.

తెల్లవారాక నిద్ర పట్టలేదు. చిత్రాలన్నింటినీ కొలిచే సాఫ్ట్‌వేరుకు ఇచ్చాను. అందులో చేసే పని సూత్రంగా తేలికే. జంట చుట్టూ ఒక వలయం, గానిమీడ్ చుట్టూ ఒక వలయం, ఖాళీ ఆకాశం మీద ఇంకొకటి గీస్తాం. ఒక్కో చిత్రంలో మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తాం. పల్చటి మబ్బు పోయినా రెండూ ఒకేలా మసకబారతాయి కాబట్టి నిష్పత్తి చెడదు. జంట వలయం ఘటన పొడవునా ఇద్దరినీ పట్టేంత వెడల్పుగా ఉండాలి. అరగంట తర్వాత తెర మీద వెలుగు ఎలా మారిందో చూపే గీత వచ్చింది. ఎడమ నుంచి చదునుగా వచ్చి, నున్నగా లోయలా దిగి, అంతే నున్నగా పైకి లేచింది. రాత్రి కంటికి ఏమీ కనిపించని చోట ఇంత లోతైన లోయ! ఇంట్లోవాళ్లను పిలిచి చూపించాను. మర్యాదగా తలూపారు.

ఆగస్టు 20న గురుగ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. భూమికి దూరం 60 కోట్ల కిలోమీటర్లు, అక్కడి వెలుగు చేరడానికి 33 నిమిషాలు. అంచనాల సమయాల్లో ఈ ఆలస్యాన్ని ముందే కలిపి ఇస్తారు, మనం ఏమీ చేయనక్కర్లేదు. ఆ రోజుల్లో సూర్యుడు మన వెనకే ఉంటాడు కాబట్టి ఉపగ్రహపు నీడ దాదాపు దాని వెనకే దాక్కుంటుంది. మరుగూ గ్రహణమూ అరగంట తేడాలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆగస్టు నడుమ గానిమీడ్ నీడ యూరోపా మీద పడిన రాత్రి మాత్రం నేను కంప్యూటరు తెర వదిలేసి, పక్కనున్న చిన్న టెలిస్కోపులో కంటితో చూశాను. గ్రహణంలో నీడ వేసేది విడిగా ఉంటుంది, మసకబారేది ఒంటరిగా కనిపిస్తుంది. గానిమీడ్ ఎప్పటిలాగే వెలుగుతుంటే పక్కనున్న యూరోపా మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే తగ్గుతూ పోయింది. మళ్లీ తేరుకుంది. ఎన్ని గీతలు చూసినా ఆ అయిదారు నిమిషాలకు సాటి రావు. కొత్తవాళ్లు మొదట గ్రహణాలతోనే ప్రారంభిస్తే ఉత్సాహం నిలుస్తుందని నా అభిప్రాయం. మరుగులు ఓపిక నేర్చాక.

పొడవైన ఘటనల జోలికి మొదట్లో వెళ్లకండి. రెండు ఉపగ్రహాలూ ఒకే దిశలో పోతుంటే ఒకదాన్ని ఒకటి దాటడానికి అరగంట, ఒక్కోసారి గంటకు పైగా పడుతుంది. సెప్టెంబరులో అలాంటిది ఒకటి పట్టుకున్నాను. గంటలో గురుగ్రహం ఆకాశంలో ఎంతో జరుగుతుంది, గాలి మారుతుంది, ద్వితీయ అద్దం మీద మంచు పడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. మంచుకు వెచ్చటి పట్టీ చుడితే బ్యాటరీ ఇంకా త్వరగా దిగుతుంది. గీత అడుగు ఎంత చదునుగా వచ్చిందంటే దాని నడిమధ్య ఎక్కడో నేను సగం నిమిషం తేడాతో తప్ప చెప్పలేను. నాలుగు నిమిషాల్లో ముగిసే ఘటన నడిమధ్యను సెకనులో సగం దాకా చెప్పగలిగాను.

ఆ రాత్రుల్లో నాకు తోడు ఫోనులో ఒక పెద్దాయన. 1997 సీజను నుంచీ ఇవి చూస్తున్న మనిషి. అక్టోబరులో వరసగా మబ్బులు పట్టి నేను విసిగిపోయి ఫోను చేస్తే, “మీకు మబ్బు పట్టినప్పుడు ఇంకో చోట తేటగా ఉంటుందండీ, ఆ ఘటన అక్కడివాళ్లకు చిక్కుతుంది. మీరు మీ గడియారం సరిగ్గా ఉంచుకోండి చాలు” అన్నారు. ఓదార్పుగా అన్నారో నిజంగానే అన్నారో తెలియదు. నిజమైతే నిజమే. 2014–15 సీజను నుంచి వచ్చిన గీతలు 609 అని తర్వాత ప్రచురించిన వ్యాసంలో ఉంది. గీతలకు లెక్కను సరిపెట్టాక మిగిలిన తేడా గురుగ్రహం దగ్గర 75 కిలోమీటర్లు. అన్నీ కలిస్తేనే ఆ అంకె.

నవంబరులో సీజను ముగిసింది. ఘటనల లోతు తగ్గుతూ వచ్చి చివరకు అంచులు రాసుకునే దగ్గర ఆగిపోయాయి. డిసెంబరు మొత్తం నివేదికలకు పట్టింది. ఒక్కో ఘటనకూ ఒక అక్షర ఫైలు: ఒక వరసలో సమయం, ఇంకో వరసలో వెలుగు. దాంతోపాటు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, అద్దం వ్యాసం, ఫిల్టరు, సమయం ఎలా కట్టుకున్నారు, పోల్చిన ఉపగ్రహం ఏది. పంపిన మూడు వారాలకు జవాబు వచ్చింది. వచ్చినది ప్రశ్న: సమయం ఎక్స్‌పోజరు మొదలైనదా, నడిమిదా, ముగిసినదా? నా రికార్డింగు సాఫ్ట్‌వేరు మొదలైన సమయం రాస్తుందని, ఎల్‌ఈడీ మెరుపులతో దాన్ని ఎలా సరిచూశానో వివరిస్తూ రాశాను. రెండు రోజుల్లో స్వీకరించామని చిన్న లేఖ వచ్చింది. మీరు పంపేటప్పుడు ఈ ఒక్క వాక్యం ముందే రాసి పంపితే మూడు వారాలు మిగులుతాయి.

జూన్ రాత్రి అయో–యూరోపా ఘటన అంచనా కంటే దాదాపు మూడు సెకన్లు తేడాగా వచ్చింది. నా గీతకు ఉన్న అనిశ్చితి సెకను లోపే కాబట్టి ఆ తేడాలో కొంత ఉపగ్రహాలదే. ఇలాంటి తేడాలను ఏళ్ల తరబడి పేర్చుకుంటూ పోవడం వల్లనే, గురుగ్రహపు ఆకర్షణ వల్ల పుట్టే పోటుపాట్ల ప్రభావంతో అయో కక్ష్య ఎటు జరుగుతోందో తెలిసింది. 1891 నుంచి 2007 దాకా ఉన్న కొలతలతో వాలెరీ లెనే బృందం ఆ పని చేసి 2009లో నేచర్ పత్రికలో ప్రచురించింది. అయో లోపలికి, యూరోపా, గానిమీడ్ బయటికి జరుగుతున్నాయని తేల్చారు. ఆ పాత కొలతల్లో ఈ పరస్పర ఘటనలు కూడా ఉన్నాయి. నా మూడు సెకన్లు ఆ కుప్పలో ఎక్కడో పడి ఉంటాయి.

తరువాతి సీజను 2026–27. 2021లో మకర, కుంభ రాశుల వైపు ఉన్న గురుగ్రహం అప్పటికి సింహరాశికి చేరుతుంది, ఉత్తరార్ధగోళం వాళ్లకు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. ఈలోగా నేను కొనదలచినది 890 నానోమీటర్ల ఫిల్టరు ఒక్కటే. ఆ తరంగదైర్ఘ్యంలో గురుగ్రహపు వాతావరణంలోని మీథేన్ వెలుగును మింగేస్తుంది కాబట్టి గ్రహం నల్లబడుతుంది, ఉపగ్రహాలు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. అంచుకు దగ్గరగా ఉన్నాయని ఈసారి పట్టికలో కొట్టేసిన ఘటనలు అప్పుడు లెక్కలోకి వస్తాయి. ఫిల్టరు ఇరుకైనది కాబట్టి ఎక్స్‌పోజరు పెంచాలి. ఎంత పెంచాలో ఈ చలికాలంలో ఏదైనా అయిదో తరగతి నక్షత్రం మీద చూసి పెట్టుకుంటాను.